బోర్న్‌మత్ సింఫనీ ఆర్కెస్ట్రా: ఒక కచేరీ సీజన్ వెనక ఉన్న లెక్క

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో బోర్న్‌మత్ అనే ఊరుంది. 1851 జనాభా లెక్కల్లో అక్కడ వెయ్యి మంది కూడా లేరు. 1890 నాటికి అది సొంత పురపాలక సంఘం ఉన్న పట్టణమైంది. ఇంకో మూడేళ్లకి ఆ పురపాలక సంఘం ఒక వాద్యబృందాన్ని జీతాలిచ్చి పెట్టుకుంది. ఆ బృందమే ఈనాటి బోర్న్‌మత్ సింఫనీ ఆర్కెస్ట్రా. నూట ముప్పై ఏళ్లు దాటినా వాయిస్తూనే ఉంది.

ఆర్కెస్ట్రాల చరిత్ర చెప్పేటప్పుడు కండక్టర్ల పేర్లు, అంటే ముందు నిలబడి వాద్యబృందాన్ని నడిపించేవాళ్ల పేర్లు, వరసపెట్టి చెప్పేసి ఊరుకోవడం అలవాటు. రాజుల జాబితాతో దేశచరిత్ర ఎంత తెలుస్తుందో, ఆ జాబితాతో ఆర్కెస్ట్రా గురించి అంతే తెలుస్తుంది. ప్రాంతీయ ఆర్కెస్ట్రాని అర్థం చేసుకోవాలంటే దాని కచేరీల పట్టికనే చదవాలి. ఏ నెలలో మొదలవుతుంది, ఏ వారం ఏ ఊళ్లో వాయిస్తుంది, ఒక కార్యక్రమాన్ని ఎన్నిసార్లు వాయిస్తుంది, దానికి డబ్బు ఎవరిస్తున్నారు అనేవి చూడాలి. బోర్న్‌మత్ విషయంలో వీటి జవాబులు ఎప్పటికప్పుడు మారుతూ వచ్చాయి. మారిన ప్రతిసారీ ఆర్కెస్ట్రా తన ఊరి నుంచి కొంచెం దూరం జరిగి, చుట్టుపక్కల ప్రాంతానికి దగ్గరైంది. అది బతికి బట్టకట్టింది అందువల్లే.

చలికాలపు ఊరు, చలికాలపు సీజన్

సముద్రతీరపు ఊళ్లకి వేసవిలోనే జనం వస్తారు. బోర్న్‌మత్‌కి మాత్రం మొదట్లో చలికాలంలో వచ్చేవాళ్లు. కారణం క్షయ. ఇంగ్లండ్‌లో తక్కిన చోట్లకంటే ఇక్కడ చలి తక్కువ, పైగా ఊరి నిండా పైన్ చెట్లు. ఆ గాలి ఊపిరితిత్తులకి మంచిదని అప్పటి వైద్యులు నమ్మేవారు. 1855లోనే క్షయ రోగుల కోసం ఇక్కడ శానటోరియం తెరిచారు. రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ ఆరోగ్యం కోసమే 1884 నుంచి 1887 దాకా ఈ ఊళ్లో ఉన్నాడు. 1870లో రైలు వచ్చింది, 1888లో లండన్‌కి దగ్గరదారి పడింది. దాంతో డబ్బున్నవాళ్లూ, పదవీ విరమణ చేసినవాళ్లూ, రోగులూ, వాళ్ల వెంట వచ్చే బంధువులూ నెలల తరబడి ఇక్కడ మకాం పెట్టేవాళ్లు.

మధ్యాహ్నాలు వాళ్లకి పొద్దుపోయేది ఎలా? 1870ల్లో కట్టిన వింటర్ గార్డెన్స్ అనే పెద్ద గాజుమందిరం ఆ అవసరం నుంచే పుట్టింది. చలిగాలి తగలకుండా, వెలుతురు తగ్గకుండా, చెట్ల మధ్య కూర్చుని సంగీతం వినే చోటది. వాన పడితే పైకప్పు మీద చినుకుల చప్పుడు సంగీతంతో పోటీ పడేది. కచేరీలకు అంత అనువైన భవనమని చెప్పలేం. అయినా ఇంగ్లండ్‌లో ఒక ఊరు తన డబ్బుతో పోషించిన తొలి శాశ్వత ఆర్కెస్ట్రా అక్కడే మొదలైంది.

డాన్ గాడ్‌ఫ్రీ సైనిక బ్యాండ్ల కుటుంబంలో పుట్టినవాడు. తండ్రి గ్రెనడియర్ గార్డ్స్ దళంలో బ్యాండ్‌మాస్టర్‌గా పేరు మోసినవాడు. 1893లో బోర్న్‌మత్ పురపాలక సంఘం గాడ్‌ఫ్రీని పిలిచి 30 మందితో బృందం కట్టమంది. అదే ఏడాది మే 22న, పండుగ సెలవు సోమవారం నాడు, వింటర్ గార్డెన్స్‌లో తొలి కచేరీ జరిగింది. పురపాలక సంఘం అడిగింది సింఫనీలు, అంటే పెద్ద వాద్యబృందం కోసం రాసిన దీర్ఘ రచనలు, కాదు. సముద్రం మీదికి కట్టిన పియర్ పైన, తోటల్లో, యూనిఫాం వేసుకుని వాయించే బ్యాండు కావాలంది. అందుకే గాడ్‌ఫ్రీ రెండు రకాల వాద్యాలు వచ్చినవాళ్లని ఏరుకున్నాడు. బయట క్లారినెట్టో కొమ్మువాద్యమో ఊదిన మనిషే లోపలికి వచ్చి వయొలిన్ పట్టుకోగలగాలి. ఆ ఒక్క షరతు వల్ల బ్యాండు ఖర్చుతోనే ఆర్కెస్ట్రా తయారైంది. ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే తెలివైన ఎత్తు ఇదేనని ఒప్పుకోవాలి.

1895లో సింఫనీ కచేరీలు మొదలుపెట్టాడు. అవి చలికాలంలోనే ఉండేవి, ఎందుకంటే శ్రోతలు ఊళ్లో ఉండేది అప్పుడే. వేసవిలో సరదాకోసం వచ్చేవాళ్లకి మార్చ్‌లూ వాల్ట్జ్‌లూ, చలికాలంలో నెలల తరబడి ఉండేవాళ్లకి బేతోవెన్, చైకోవ్‌స్కీ. అక్టోబర్‌లో మొదలై మే నెలతో ముగిసే సీజన్ ఈ ఆర్కెస్ట్రాకి ఈనాటికీ ఉంది. క్షయ రోగులు రావడం ఎన్నడో ఆగిపోయింది, వాళ్ల క్యాలెండర్ మాత్రం మిగిలింది. యూరప్‌లో చాలా ఆర్కెస్ట్రాల సీజన్ చలికాలంలోనే ఉంటుంది. మహానగరాల్లో దానికి కారణం పెద్దింటివాళ్లు వేసవిలో ఊరు విడిచిపోవడం. ఇక్కడ కారణం సరిగ్గా తలకిందులు: చలికాలంలోనే వాళ్లు ఈ ఊరికి రావడం.

గాడ్‌ఫ్రీ 1934 దాకా, అంటే 41 ఏళ్లు, ఉన్నాడు. ఆ కాలంలో అతను చేసిన పెద్ద పని బ్రిటిష్ స్వరకర్తలకి చోటివ్వడం. లండన్‌లో కొత్త రచన వాయించాలంటే హాలు అద్దెకు తీసుకోవాలి, వాద్యకారులకి రోజుకింత అని ఇవ్వాలి, టికెట్లు అమ్ముడవకపోతే నష్టం భరించాలి. బోర్న్‌మత్‌లో వాద్యకారులకి జీతం ఎలాగూ ఇస్తున్నారు. కాబట్టి కొత్త రచన వాయిస్తే అయ్యే అదనపు ఖర్చు తక్కువ. వాన్ విలియమ్స్ రాసిన బ్యుకాలిక్ సూట్, హోల్స్ట్ రాసిన కాట్స్‌వోల్డ్స్ సింఫనీ రెండూ 1902లో ఇక్కడే మొదటిసారి వినిపించాయి. అప్పటికి ఇద్దరికీ ముప్పై ఏళ్లు నిండలేదు, పేరు కూడా రాలేదు. ఎల్గర్, ప్యారీ, స్టాన్‌ఫర్డ్ లాంటి పెద్దలు తమ రచనల్ని తామే వచ్చి నడిపించారు. ఆడవాళ్లు రాసిన సంగీతాన్ని తలుపు బయటే నిలబెట్టే రోజుల్లో ఎథెల్ స్మిత్‌కి ఇక్కడ వేదిక దొరికింది. 1911లో గాడ్‌ఫ్రీ ఒక గాయక బృందాన్ని కూడా మొదలుపెట్టాడు. జీతం లేకుండా ఊరివాళ్లే పాడే ఆ బృందం ఇప్పటికీ ఆర్కెస్ట్రాతో కలిసి పాడుతోంది. 1922లో ప్రభుత్వం గాడ్‌ఫ్రీకి సర్ బిరుదునిచ్చింది. ఒక చిన్న తీరపట్టణపు బ్యాండు నాయకుడు బ్రిటిష్ సంగీతానికి ఇంత చేయగలిగాడంటే, అతని అభిరుచికి ఎంత మెచ్చుకోలు దక్కాలో నెలనెలా అందిన జీతాలకీ అంతే దక్కాలి.

పన్ను డబ్బు, యుద్ధం, విలీనపు ముప్పు

పురపాలక సంఘం డబ్బు పెడితే ప్రజాప్రతినిధులు ప్రశ్నలు అడుగుతారు. ఆర్కెస్ట్రాకి ఇంత ఖర్చెందుకు, ఇంతమంది ఎందుకు, జనానికి నచ్చే పాటలు వాయించరెందుకు అని చర్చలు గాడ్‌ఫ్రీ కాలమంతా నడిచాయి. ఈ ప్రశ్నల్ని కొట్టిపారేయలేం. ఇంటిపన్ను కట్టేవాళ్లలో కచేరీ గడప తొక్కనివాళ్లే ఎక్కువ. ఈ వాదనకు గాడ్‌ఫ్రీ ఇచ్చిన జవాబు ఒక్కటే: ఊరికి పేరొస్తుంది, పేరుతో జనం వస్తారు, జనంతో హోటళ్లు నిండుతాయి. ఆర్కెస్ట్రా వల్ల ఊరు బాగుపడుతుందన్న ఈ వాదన ఆనాటి నుంచి ఈనాటి దాకా గ్రాంటు దరఖాస్తుల్లో కనిపిస్తూనే ఉంది.

రెండో ప్రపంచయుద్ధం ఆ ఏర్పాటుని చెదరగొట్టింది. తీరపట్టణం కాబట్టి యాత్రికులు రావడం ఆగిపోయింది. 1940లో బృందాన్ని బాగా కుదించారు. యుద్ధం ముగిశాక, 1947లో, పూర్తిస్థాయి ఆర్కెస్ట్రాగా మళ్లీ నిలబెట్టడానికి వచ్చినవాడు రుడాల్ఫ్ ష్వార్జ్. వియన్నాలో పుట్టిన యూదుడు. నాజీలు అతన్ని ఆష్విట్జ్‌కి, అక్కణ్నుంచి వేరే శిబిరాలకి పంపారు. బెర్గెన్-బెల్సెన్‌లో విడుదలయ్యాక స్వీడన్‌లో కోలుకుని బోర్న్‌మత్ వచ్చాడు. శిబిరంలో దెబ్బతిన్న భుజం వల్ల చేతిని స్వేచ్ఛగా కదిలించలేకపోయేవాడు. అయినా నాలుగేళ్లలో, బ్రిటన్‌లో గట్టిగా చెప్పుకోదగ్గ బృందాన్ని తయారుచేశాడు. అప్పటికి పాత గాజుమందిరం లేదు. 1937లో లాన్ బౌలింగ్ ఆట కోసం కట్టిన కొత్త వింటర్ గార్డెన్స్ హాల్లో కచేరీలు జరిగేవి. ఆటకోసం కట్టిన ఆ పొడుగాటి గదిలో నాదం అద్భుతంగా పలికేదని వాద్యకారులు చెప్పేవాళ్లు. అంత మంచి హాలుని 2006లో కూల్చేశారు. ఆ నష్టాన్ని తలుచుకుని బాధపడేవాళ్లు ఆ ఊళ్లో ఇంకా ఉన్నారు, వాళ్ల బాధలో న్యాయముంది.

యుద్ధం తర్వాత డబ్బు వచ్చే దారి మారింది. 1946లో ఆర్ట్స్ కౌన్సిల్ ఏర్పడింది. బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఆ సంస్థ ద్వారా కళలకి అందేది. 1948 స్థానిక పాలన చట్టం వల్ల పురపాలక సంఘాలు పౌండుకి ఆరు పెన్నీల పన్ను దాకా వినోదాలకి ఖర్చు చేసే వీలు కలిగింది. కాగితం మీద బాగానే ఉంది గాని, వేరే ఊళ్ల సంఘాలు బోర్న్‌మత్ ఆర్కెస్ట్రాకి డబ్బెందుకిస్తాయి? పేరే పురపాలక ఆర్కెస్ట్రా అయినప్పుడు, నష్టమంతా ఒక్క ఊరి పన్నుదార్ల మీదే పడింది.

1950ల మొదట్లో ఆ నష్టం మోయలేని స్థితి వచ్చింది. బర్మింగ్‌హామ్ ఆర్కెస్ట్రాతో విలీనం చేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. రెండు ఊళ్ల మధ్య నూట యాభై మైళ్ల దూరం. రెండింటికీ కలిపి ఒకటే బృందం పెడితే అది ఎక్కడా ఊరిది కాదు. శ్రోతలు సంఘంగా ఏర్పడి విరాళాలు పోగుచేశారు. పేరున్న ఇంగ్లిష్ కండక్టర్ థామస్ బీచమ్ వచ్చి కచేరీలు నడిపించాడు. చివరికి 1954లో అసలు పరిష్కారం దొరికింది. ఆర్కెస్ట్రాని పురపాలక సంఘం చేతుల్లోంచి తీసి, వెస్టర్న్ ఆర్కెస్ట్రల్ సొసైటీ అనే స్వతంత్ర సంస్థ కిందికి మార్చారు. పేరులోంచి మునిసిపల్ పోయి సింఫనీ వచ్చింది. ఇక నుంచి పశ్చిమ ఇంగ్లండ్‌లోని అనేక పట్టణాలు తలా కొంత ఇవ్వాలి, ఆర్కెస్ట్రా ఆ పట్టణాలన్నిటికీ వెళ్లి వాయించాలి.

ఈ ఆర్కెస్ట్రా చరిత్రని ఒక్క సంవత్సరంతో రెండు ముక్కలు చేయాలంటే ఆ సంవత్సరం 1954. అంతకుముందు శ్రోతలు రైలెక్కి ఆర్కెస్ట్రా దగ్గరకొచ్చేవాళ్లు. ఆ తర్వాత ఆర్కెస్ట్రాయే బస్సెక్కి శ్రోతల దగ్గరకి వెళ్లడం మొదలైంది. ఆ కాలపు కండక్టర్ చార్ల్స్ గ్రోవ్స్ ఈ తిరుగుడికి సరిపోయిన మనిషి. వేల్స్ జాతీయ ఒపేరా ప్రదర్శనలకి కూడా ఆ రోజుల్లో బోర్న్‌మత్ వాద్యకారులే వాయించేవాళ్లు. అదీ జీతాలు గిట్టుబాటయ్యే మార్గాల్లో ఒకటి.

బయటి ప్రపంచానికి వినిపించిన ఏళ్లు

గ్రోవ్స్ తర్వాత 1961లో రుమేనియా నుంచి కాన్‌స్టాంటిన్ సిల్వెస్ట్రి వచ్చాడు. ఊరూరా తిరుగుతూ గట్టిపడిన బృందాన్ని అతను యూరప్ స్థాయికి చేర్చాడని చెప్పొచ్చు. 1965లో తొలిసారి యూరప్ పర్యటనకి తీసుకెళ్లాడు. వించెస్టర్ కెథెడ్రల్‌లో రికార్డు చేసిన వాన్ విలియమ్స్ రచన, థామస్ టాలిస్ ఇతివృత్తం మీద ఫాంటేసియా, ఇప్పటికీ సంగీతప్రియులు వెతికి వినే రికార్డు. ఆ రాతిగోడల మధ్య తీగ వాద్యాల నాదం చాలాసేపు నిలిచి ఉంటుంది. హడావిడి పడకుండా ఆ నిలకడని వాడుకోవడం సిల్వెస్ట్రి ప్రతిభ. 1969లో క్యాన్సర్‌తో చనిపోయాడు. అప్పటికి వయసు 55.

ఫిన్లండ్‌కి చెందిన పావో బెర్గ్లండ్ కాలంలో, 1970ల్లో, ఈ ఆర్కెస్ట్రా ఆ దేశపు స్వరకర్త సిబేలియస్ సంగీతానికి చిరునామా అయింది. సిబేలియస్ తన జీవితకాలంలో ప్రచురణకి ఒప్పుకోని కుల్లెర్వో అనే పెద్ద రచనని తొలిసారి రికార్డు చేసింది బెర్గ్లండ్, ఈ బృందమే. అతని ఏడు సింఫనీల రికార్డింగూ పూర్తిచేశారు. ఇంగ్లండ్ దక్షిణ తీరపు ఆర్కెస్ట్రా ఉత్తర యూరప్ సంగీతానికి ప్రామాణికమైన గొంతు కావడం వింతగా అనిపించొచ్చు. కొన్నేళ్లపాటు అదే మనుషులు, అదే కండక్టర్ కింద, అదే సంగీతాన్ని వారం తర్వాత వారం వాయిస్తే నాదానికి ఒక రంగు వస్తుంది. రోజుకో బృందంలో వాయించే వాద్యకారులు ఎంత గొప్పవాళ్లయినా ఆ రంగు అంత తేలిగ్గా రాదు.

ఇక్కడ బ్రిటన్‌లోని ఒక ముఖ్యమైన తేడా చెప్పాలి. లండన్ సింఫనీ, లండన్ ఫిల్హార్మోనిక్, ఫిల్హార్మోనియా, రాయల్ ఫిల్హార్మోనిక్ వాద్యకారులకి నెలజీతం ఉండదు. ఎన్ని కచేరీలు, ఎన్ని రికార్డింగులు చేస్తే అంత సంపాదన. సినిమా రికార్డింగులు, వేరే బృందాల్లో అవకాశాలు లండన్ చుట్టుపక్కలే దొరుకుతాయి కాబట్టి అది అక్కడ నడుస్తుంది. మాంచెస్టర్, లివర్‌పూల్, బర్మింగ్‌హామ్, బోర్న్‌మత్ ఆర్కెస్ట్రాలు జీతాల మీద నడుస్తాయి. అక్కడ చిల్లర పని అంతగా దొరకదు. జీతం లేకపోతే మంచి ఓబో వాద్యకారిణి ఆ ఊళ్లో కాపురం పెట్టదు. కాపురం పెట్టినవాళ్లు మాత్రం పాతికేళ్లు, ముప్పై ఏళ్లు ఉంటారు. పిల్లలకి పాఠాలు చెబుతారు, స్థానిక యువ ఆర్కెస్ట్రాలకి తర్ఫీదు ఇస్తారు, చర్చిలో చిన్న కచేరీలు చేస్తారు. ప్రాంతీయ ఆర్కెస్ట్రా మూతపడితే పోయేది సాయంత్రం కచేరీ ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఆ ప్రాంతంలో మంచి సంగీత గురువులు సగం మంది ఇల్లు మారుస్తారు.

1970ల చివర్లో ఆర్కెస్ట్రా తన ఊరే వదిలింది. పక్క పట్టణమైన పూల్‌లో 1978లో తెరిచిన ఆర్ట్స్ సెంటర్‌కి మకాం మార్చింది. దాని పేరు ఇప్పుడు లైట్‌హౌస్. పేరులో బోర్న్‌మత్, ఉండేది పూల్. 2019లో బోర్న్‌మత్, క్రైస్ట్‌చర్చ్, పూల్ ఒకే పాలకసంఘం కిందికి వచ్చాయి గనుక ఆ తేడా ఇప్పుడు కొంత తగ్గింది.

తర్వాతి కండక్టర్లలో రుడాల్ఫ్ బర్షాయ్, ఆండ్రూ లిటన్, యాకోవ్ క్రైజ్‌బర్గ్ తలా కొన్నేళ్లు ఉన్నారు. 1968లో మొదలైన చిన్న సోదర బృందం బోర్న్‌మత్ సిన్‌ఫోనియెట్టా డబ్బు చాలక 1999లో మూతపడింది. చిన్న ఊళ్లకి, చిన్న హాళ్లకి వెళ్లే పని దానిదే గనుక ఆ లోటు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. 2002లో మారిన్ ఆల్సప్ ముఖ్య కండక్టర్ అయింది. బ్రిటన్‌లో ఒక సింఫనీ ఆర్కెస్ట్రాకి ఆ స్థానంలోకి వచ్చిన తొలి మహిళ ఆమే. ఆ నిర్ణయం తీసుకున్నది రాజధాని ఆర్కెస్ట్రా కాకపోవడం గమనించాల్సిన విషయం.

ఒక సీజన్ ఎలా అల్లుకుంటుంది

సీజన్ అక్టోబర్‌లో మొదలవుతుంది. బుధవారం సాయంత్రం పూల్ లైట్‌హౌస్‌లో కచేరీ. అదే కార్యక్రమం మర్నాడో ఆ మర్నాడో ఎక్సెటర్ విశ్వవిద్యాలయపు గ్రేట్ హాల్లోనో, పోర్ట్స్‌మత్ గిల్డ్‌హాల్లోనో, బ్రిస్టల్ బీకన్‌లోనో మళ్లీ వాయిస్తారు. బేసింగ్‌స్టోక్, వించెస్టర్, వేమత్, ట్రూరో లాంటి చోట్లకీ వెళ్తారు. మొత్తం సుమారు 10,000 చదరపు మైళ్ల ప్రాంతం. ఇంత విస్తీర్ణంలో పూర్తిస్థాయి వృత్తి సింఫనీ ఆర్కెస్ట్రా ఇదొక్కటే.

ఒకే కార్యక్రమాన్ని రెండు మూడు ఊళ్లలో వాయించడమే ఈ సీజన్‌కి వెన్నెముక. ఒక కార్యక్రమానికి రెండు రోజులో మూడు రోజులో రిహార్సల్ కావాలి. ఆ రోజుల్లో టికెట్ ఆదాయం సున్నా, జీతాలు మాత్రం మామూలే. అతిథి కండక్టర్‌కి, సోలో వాయించే పియానో లేక వయొలిన్ కళాకారిణికి ప్రయాణం, బస, ప్రతిఫలం ఇవ్వాలి. ఒకసారి వాయించి వదిలేస్తే ఆ ఖర్చంతా ఒక్క సాయంత్రం మీద పడుతుంది. మూడుసార్లు వాయిస్తే తయారీ ఖర్చు మూడు ముక్కలవుతుంది. సంగీతపరంగానూ లాభముంది. మూడో రాత్రికి సంగీతం చేతుల్లోకి దిగుతుంది. పూల్‌లో జాగ్రత్తగా దాటిన మలుపుని ఎక్సెటర్‌లో ధైర్యంగా తీసుకుంటారు. తీరా చూస్తే పేరున్న సొంత హాల్లో విన్నవాళ్లకంటే దూరపు ఊళ్లో విన్నవాళ్లకే మెరుగైన కచేరీ దక్కిన సందర్భాలుంటాయి.

దీనికి శరీరం చెల్లించే మూల్యం ఉంది. పూల్ నుంచి ఎక్సెటర్‌కి 80 మైళ్లకు పైగా దూరం, మధ్యలో మోటర్‌వే లేదు. డబుల్ బాసులు, హార్పులు, టింపనీలు లారీలో ముందే బయల్దేరతాయి. ప్రతి హాల్లో నాదం వేరుగా పలుకుతుంది గనుక మధ్యాహ్నం వెళ్లి కుర్చీలు సర్దుకుని కాసేపు వాయించి చూసుకోవాలి. రాత్రి పదింటికి కచేరీ అయితే ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది.

ఏం వాయించాలన్న ఎంపికలోనూ లెక్క కనిపిస్తుంది. శాశ్వత సభ్యులు సుమారు 70 మంది. బ్రామ్స్ సింఫనీకి, చైకోవ్‌స్కీకి, డ్వోర్జాక్‌కి ఆ సంఖ్య సరిపోతుంది. మాలర్ రెండో సింఫనీ పెట్టుకుంటే కథ మారుతుంది. పది హార్న్‌లు కావాలి, అదనపు ట్రంపెట్లు కావాలి, ఆర్గన్ ఉన్న హాలు కావాలి, ఇద్దరు గాయనులూ పెద్ద కోరసూ కావాలి. కోరస్ గాడ్‌ఫ్రీ పుణ్యమా అని ఉచితంగానే ఉంది. తక్కిన అందరికీ డబ్బివ్వాలి. పైగా అంతమంది పట్టే వేదిక ఈ ప్రాంతంలో అన్ని ఊళ్లలో లేదు. అందుకే అంత పెద్ద రచనలు సీజన్‌లో ఒకటో రెండో ఉంటాయి, సాధారణంగా మొదట్లో గానీ చివర్లో గానీ.

తెలియని సంగీతాన్ని తెలిసినదాని పక్కన కూర్చోబెట్టడం ఇంకో కళ. ఆ విషయంలో ఈ ఆర్కెస్ట్రాకి ఈమధ్య దక్కిన అదృష్టం కిరిల్ కరబిట్స్. ఉక్రెయిన్‌కి చెందిన అతను 2009 నుంచి 2024 దాకా ముఖ్య కండక్టర్‌గా ఉన్నాడు. తూర్పు గళాలు అన్న అర్థం వచ్చే పేరుతో ఒక కచేరీ వరస నడిపాడు. ఉక్రెయిన్ స్వరకర్త ల్యటోషిన్‌స్కీ, అజర్‌బైజాన్ స్వరకర్త కారా కరాయెవ్, ఆర్మేనియా స్వరకర్త తెర్తెర్యన్ లాంటి, బ్రిటన్‌లో అంతగా ఎవరూ వినని పేర్లని ఈ ప్రాంతంలోని డోర్సెట్, డెవన్ జిల్లాల శ్రోతల ముందుంచాడు. చాలాచోట్ల ఇలాంటి పేరు పోస్టర్ మీద వేస్తే హాలు ఖాళీగా ఉంటుంది. ఇక్కడ జనం వచ్చారు. ఒక కండక్టర్ పదిహేనేళ్లు ఉంటే శ్రోతలకి అతని రుచి మీద నమ్మకం కుదురుతుంది. తెలియని పేరున్నా అతను పెట్టాడు కదా విందాం అని వస్తారు. ప్రచారానికి ఎంత ఖర్చుపెట్టినా ఆ నమ్మకాన్ని కొనలేం. 2022లో రష్యా దాడి మొదలయ్యాక, అంతకు చాలా ముందే ఉక్రెయిన్ సంగీతాన్ని తన శ్రోతలకి అలవాటు చేసిన ఆర్కెస్ట్రాగా దీనికి ప్రత్యేక స్థానం దక్కింది.

2018లో మొదలైన బీఎస్‌ఓ రిసౌండ్ (బీఎస్‌ఓ అంటే బోర్న్‌మత్ సింఫనీ ఆర్కెస్ట్రా) గురించి కూడా చెప్పాలి. వైకల్యం ఉన్న వాద్యకారుల చిన్న బృందమిది, ఆర్కెస్ట్రాలో అంతర్భాగం. కండక్టర్ జేమ్స్ రోజ్ తలకి కట్టుకున్న బేటన్‌తో, అంటే తాళం చూపే సన్నని కర్రతో, దాన్ని నడిపించాడు. ఆ ఏడాదే లండన్‌లో జరిగే ప్రామ్స్ సంగీతోత్సవంలో వాయించారు, 2019లో రాయల్ ఫిల్హార్మోనిక్ సొసైటీ పురస్కారం వచ్చింది. దాన్ని దయతో చేసిన సేవాకార్యక్రమంగా చూడటం తప్పు. చేతితో బేటన్ పట్టుకోలేనివాడు నడిపించలేడన్న అభిప్రాయం ఎంత పాతదో ఒక్క కచేరీతో తేలిపోయింది.

2020లో కోవిడ్‌తో హాళ్లు మూతపడినప్పుడు ఈ ఆర్కెస్ట్రా త్వరగా తేరుకుంది. ఆ శరదృతువులోనే లైట్‌హౌస్ వేదిక మీద దూరదూరంగా కూర్చుని వాయిస్తూ, టికెట్ పెట్టి ఆన్‌లైన్‌లో ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. ఆంక్షలు పోయాక చాలా సంస్థలు ఆ పని మానేశాయి. ఇక్కడ కొనసాగించారు. పల్లెలు, వృద్ధులు ఎక్కువగా ఉన్న ప్రాంతం ఇది. రాత్రిపూట బస్సు దొరకని మనిషికి ఇంట్లోంచి బుధవారం కచేరీ వినడం ఒక్కటే దారి. 1954లో బస్సెక్కి శ్రోతల దగ్గరకి వెళ్లడం మొదలుపెట్టిన ఆర్కెస్ట్రాకి ఇది సహజమైన కొనసాగింపే.

ఇప్పుడు డబ్బు ఎక్కణ్నుంచి

ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ ఏటా ఇచ్చేది సుమారు 25 లక్షల పౌండ్లు. చాలా ఏళ్లుగా ఆ మొత్తం పెద్దగా కదల్లేదు. ధరలు మాత్రం పెరుగుతూ పోయాయి. అంటే కాగితం మీద కోత లేకపోయినా నిజానికి కోత పడుతూనే ఉంది. స్థానిక సంఘాల పరిస్థితి అంతకంటే ఘోరం. వృద్ధుల సంరక్షణ, పిల్లల సంక్షేమం లాంటి చట్టబద్ధమైన బాధ్యతలకే డబ్బు చాలని సంఘాలు సంగీతానికి ఇచ్చే వాటా తగ్గిస్తూ వస్తున్నాయి. బర్మింగ్‌హామ్ నగరపాలక సంస్థ 2023లో ఆర్థికంగా చేతులెత్తేశాక తన ఆర్కెస్ట్రాకిచ్చే సాయాన్ని రెండు విడతల్లో పూర్తిగా ఆపేయాలని నిర్ణయించింది. డెబ్బై ఏళ్ల క్రితం ఎవరితో విలీనం చేద్దామనుకున్నారో ఆ నగరానికే ఈ గతి పట్టింది. ఒక్క నగరం మీద ఆధారపడకుండా అనేక చోట్ల నుంచి కొంచెం కొంచెం తెచ్చుకునే బోర్న్‌మత్ పద్ధతి ఎంత ముందుచూపు గలదో ఇప్పుడు తెలుస్తోంది.

ఈమధ్య పెద్ద ఊరట పన్ను రాయితీ. 2016 ఏప్రిల్ నుంచి ప్రత్యక్ష కచేరీలు చేసే, కనీసం 12 మంది వాద్యకారులున్న బృందాలకి వర్తిస్తోంది. తయారీ ఖర్చులో 80 శాతం దాకా లెక్కలోకి తీసుకుని దాని మీద రాయితీ ఇస్తారు. కోవిడ్ కాలంలో శాతం పెంచారు, 2025 ఏప్రిల్ నుంచి 45 శాతంగా శాశ్వతం చేశారు. రిహార్సళ్లకి ఎక్కువ రోజులు తీసుకునే ఆర్కెస్ట్రాలకి ఇది చాలా మేలు. గ్రాంటులా ఎవరి దయ మీదా ఆధారపడదు, చట్టం ప్రకారం వస్తుంది. అయితే బడ్జెట్‌లో ఒక్క వాక్యం మారిస్తే పోతుందన్న భయం కూడా ఉంటుంది.

2024 శరదృతువులో మార్క్ విగిల్స్‌వర్త్ ముఖ్య కండక్టర్‌గా వచ్చాడు. కొత్త మనిషి కొత్త స్వరకర్తల్ని తెస్తాడు, కొన్ని పాతవి వెనక్కి పోతాయి. అది ప్రతి పదేళ్లకీ జరిగేదే. ఈ ఆర్కెస్ట్రా బాగోగులు పట్టించుకునేవాళ్లు పోస్టర్ మీది పేరుకంటే సీజన్ పుస్తకంలో చివరి పేజీల్లో ఉండే సభ్యుల జాబితాని చూడటం మంచిది. రెండో బసూన్, వయోలా వరుసలో నాలుగో కుర్చీ, మూడో ట్రంపెట్ ఎదురుగా పేరుందా, ఖాళీగా ఉందా? బాగా ఇబ్బందిలో ఉన్న ఆర్కెస్ట్రా ముందుగా కచేరీలు తగ్గించదు. ఖాళీ అయిన కుర్చీల్ని నింపకుండా, అవసరమైన రోజు ఎవరినో పిలిపించుకుంటూ నెట్టుకొస్తుంది. అలాంటి ఖాళీలు పెరిగిన ఏడాది ఎక్సెటర్ కచేరీకి వెళ్లినవాళ్లకి వెంటనే తేడా తెలియకపోవచ్చు, మూడు నాలుగు సీజన్లు గడిస్తే మాత్రం తెలుస్తుంది.